కొట్టివేసిన పేరు

లోసెలి పళ్ళేన్ని బల్ల మీద పెట్టలేదు. గడప దగ్గర, చెప్పులు విడిచే చోట పెట్టింది.

"ఇదిగో, నువ్వు పంపింది. కట్టు కూడా విప్పలేదు మావాడు."

అరటాకు కట్టు నిజంగానే కట్టినట్టే ఉంది. పొద్దున్నే గుంటపొయ్యి రాజేసి, చేమాకుల్లో మాంసమూ కొబ్బరిపాలూ పెట్టి చుట్టి, కాలిన రాళ్ళ మీద మగ్గించింది మెలేసియు. ఆ వాసన తగిలితే చాలు, భర్త కిటియోనే వీధి చివర నుంచే ఆకలి ఆకలి అంటూ వచ్చేవాడు.

"మూడు రోజులు, మెలేసియూ! మూడు రోజుల నుంచి నా తమ్ముడు నా ఇంట్లో ఉడికిన సీమపనస ముక్క తిని గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. అడిగితే పలకడు. ఏం చేశావు వాణ్ణి?"

"కూర్చో వదినా."

"కూర్చోను. కూర్చుంటే టీ పెడతావు. టీ తాగితే నేను మెత్తబడతాను. నా సంగతి నాకు తెలుసు."

మెలేసియుకు నవ్వు రాలేదు. గదిలో చాపలు మూడు రోజుల క్రితం కిటియోనే వదిలేసిన చోటే పడి ఉన్నాయి. బడి నూరేళ్ళ పండగకు ఆచారం ప్రకారం నడుముకు కట్టుకోవాలని పెద్ద పెట్టెలోంచి ఆ చాపలు తీసింది అతనే. వాటి అడుగున దాచిన పాత డైరీని చూసింది కూడా అతనే. నిలబడే చదివాడు. చదివి, మూసి, వడ్రంగి పెట్టె భుజాన వేసుకుని, ఒక్క మాటైనా అనకుండా అక్కగారింటికి వెళ్ళిపోయాడు.

"ఇంకెవడైనా ఉన్నాడేమో అనుకుందామంటే ఈ వయసులో నీకంత ఓపిక లేదు," అంది లోసెలి. "పోనీ వాడికే ఎవతైనా ఉందేమో అంటే వాడికి రంపమూ ఉలీ తప్ప వేరే లోకం లేదు. మరేంటి? తెల్లారితే పండగ. వవావు దీవులన్నిట్నుంచీ జనం పడవల్లో దిగుతున్నారు. నువ్వు రాసిన చరిత్ర నువ్వే ఈ దీవుల దొరగారి ముందు చదవాలి. మొగుడు పక్కన లేకుండా వెళ్తావా?"

మెలేసియు లేచి వెళ్ళి డైరీ తెచ్చింది. అట్ట సగం చెదలు తినేసింది. లోపలి కాగితాలు మాత్రం బాగానే ఉన్నాయి.

"ఇదేనా కారణం?" లోసెలి దాన్ని తాకలేదు. "నా కళ్ళజోడు తేలేదు. నువ్వే చదువు. ముప్పై ఏళ్ళుగా ఊరి పిల్లలందరికీ చదివి చెప్తున్నావుగా."

అప్పుడే బడి నుంచి ఫూసి వచ్చింది. మెలేసియు కూతురు. తల్లి చరిత్ర చెప్పే బడిలోనే రెండేళ్ళుగా చిన్న తరగతులకు పాఠాలు చెబుతోంది. గడప దగ్గర పళ్ళెం చూసి, అత్త మొహం చూసి, వేళ్ళకంటిన సుద్ద దులుపుకోవడం కూడా మరిచిపోయి అక్కడే నిలబడిపోయింది.

"ఇది మా నాన్న రాత," అంది మెలేసియు. "పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో లోటోమోవానా ప్రభుత్వ పాఠశాల హెడ్మాస్టరుగా ఆయన రాసుకున్న డైరీ."

చదివింది.

"ఆగస్టు పదకొండు, గురువారం. తూర్పు గాలి. హాజరు నలభై మూడు. పై తరగతి విద్యార్థి పెనిసోనిని ఉత్తరాల సంచితో మధ్యాహ్నం పడవలో పక్క దీవికి పంపాను. శనివారం పడవకు తిరిగి వస్తాడు."

లోసెలి కనుబొమలు ముడిపడ్డాయి. పెనిసోని ఆమె తండ్రి.

"ఆగస్టు పన్నెండు, శుక్రవారం. తెల్లవారుజామున సామాను గది తగలబడింది. పుస్తకాలన్నీ పోయాయి."

"చదువు," అంది లోసెలి.

"ఆగస్టు పదిహేను, సోమవారం. సామాను గదికి నిప్పు పెట్టినందుకు పెనిసోనిని బడి నుంచి తొలగించి, పట్టీలో పేరు కొట్టివేశాను."

కూర్చోనన్న లోసెలి చాపల మధ్య నేల మీద కూలబడింది. బయట పంది పిల్లలు కొబ్బరి చిప్ప కోసం కొట్టుకుంటున్నాయి.

"నాన్న చెప్పేవాడు," అంది చివరికి. "నేను ఆ రోజు అక్కడ లేనర్రా అని. కావా తాగి మత్తెక్కినప్పుడల్లా అదే మాట. మా అమ్మ కూడా, ఊరుకోండి, పాత పాటే, అనేది."

ఆ ఏడు ఆ దీవి నుంచి న్యూజిలాండు చదువుకు ఒక్కణ్ణే పంపాలి. తరగతిలో మొదటివాడు పెనిసోని. అతని పేరు కొట్టేశాక ఆ అవకాశం రెండోవాడికి పోయింది. రెండోవాడు హెడ్మాస్టరు ఫిలిమోనేకు సొంత తమ్ముడు. చదువుకుని వచ్చి రాజధానిలో పెద్ద అధికారి అయ్యాడు. పెనిసోని యాభై ఐదేళ్ళు కొబ్బరి ఎండబెట్టి బతికాడు. తన పిల్లలు అదే బడిలో చదివినన్నాళ్ళూ వాళ్ళకు అన్నం తెచ్చేవాడు. ఆ గేటు మాత్రం దాటలేదు. బయట రోడ్డు మీద నిలబడి చెయ్యి చాచి ఇచ్చేవాడు.

"నువ్వు కిటియోనేని చేసుకుంటానన్నప్పుడు మీ నాన్న ఒక్క మాట అడ్డు చెప్పలేదు," అంది లోసెలి మెల్లగా. "బడి తగలబెట్టినవాడి కొడుక్కి పిల్లనిచ్చాడు, ఎంత పెద్ద మనసో అని ఊరంతా మెచ్చుకుంది. మేమూ మెచ్చుకున్నాం. ఇది నీకెప్పుడు దొరికింది?"

"బడి పాత గదిలో వదినా. రేకు డబ్బాలో..."

"ఎక్కడని అడగలేదు. ఎప్పుడని అడిగాను."

మెలేసియు డైరీ మూసింది.

రేవులో పడవ కూత వేసింది. లోసెలి మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేచింది.

"వెళ్ళు. నీ పుస్తకాలొచ్చినట్టున్నాయి. రాజధానిలో అచ్చు వేయించారటగా, బంగారు అక్షరాలతో!"

గడప దాటేటప్పుడు ఆమె కాలు తగిలి పళ్ళెం పక్కకు జరిగింది. ఆమె వెనక్కి చూడలేదు.

*

మధ్యాహ్నానికి సెమిసి వచ్చాడు.

మెలేసియుకు అన్నగారు. ఊరికి పెద్ద. పండగ సంఘానికి అధ్యక్షుడు. తన ట్రక్కులో పది అట్టపెట్టెలు వేసుకొచ్చాడు. అరుగు మాత్రం ఎక్కలేదు. వాన నీళ్ళ తొట్టి పక్కనే ఆగిపోయాడు. చెల్లెలు పెద్దమనిషైన నాటి నుంచి ఇద్దరూ ఒక గదిలో కూర్చోలేదు, ఒకరి వస్తువు ఒకరు తాకలేదు. దీవుల్లో ఏ అన్నాచెల్లెళ్ళయినా అంతే. ఏదైనా చెప్పుకోవాలంటే మధ్యన ఒక మనిషి ఉండాలి.

"ఫూసీ, మీ అమ్మ ఉందా?"

"ఉంది మామయ్యా. నీ మాట వినబడేంత దగ్గరలోనే ఉంది."

కిటికీ తెర వెనక మెలేసియు కదలకుండా నిలబడింది.

"మీ అమ్మ దగ్గర బడి డైరీ ఒకటి ఉండిపోయిందట. అది ప్రభుత్వానిది. ఇలా తెచ్చివ్వు, జాగ్రత్తగా రాజధానికి పంపుతాను."

"డైరీ ఉందని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? మీ అత్త రేవులో నుంచుని పడవ దిగిన ప్రతివాడికీ చెప్తోంది! నా కాళ్ళ ముందు ఉమ్మేసింది. ఇన్నేళ్ళూ అన్నా అని పిలిచిన మనిషి!" సెమిసి మొహం తుడుచుకున్నాడు. "చూడమ్మా ఫూసీ. రేపు దొరగారొస్తున్నారు. మంత్రిగారొస్తున్నారు. నూరేళ్ళ బడి. దాని పరువు చెదపురుగులు తిన్న ఒక కాగితం మీద ఆధారపడాలా? అసలది మిగిలిందనే నాకు తెలీదు. మిగతావన్నీ నాన్న అప్పుడే..."

ఆగిపోయాడు.

"అప్పుడే?" అంది ఫూసి.

సెమిసి ట్రక్కు వైపు చూశాడు.

తెర వెనక నుంచి మెలేసియు గొంతు వినబడింది. "ఫూసీ, మీ మామయ్యను అడుగు. నాన్న ఆయనకెప్పుడు చెప్పారో."

ఫూసి అడగలేదు. అడగనవసరం లేదు. సెమిసి తొట్టి అంచు పట్టుకుని నేల చూస్తూ చెప్పాడు.

"పోయే ముందు. ఇరవై రెండేళ్ళయింది. నా ఒక్కడికే చెప్పాడు. దీపం ఆర్పకుండా నిద్రపోయింది మా బాబాయి. ఆ గదిలో దొంగతనంగా పరీక్ష కాగితాలు చూస్తూ... తమ్ముణ్ణి కాపాడుకున్నాను రా, ఇంకొకడి కొడుకుని ముంచాను, అని ఏడ్చాడు. నాతో ఒట్టు వేయించుకున్నాడు."

"మరి ఈ చరిత్ర నన్నెందుకు రాయమన్నాడో అడుగు," అంది మెలేసియు. "పదకొండేళ్ళ క్రితం మీ నాన్నతో కబురు పెట్టి, నేను తప్ప ఇంకెవరూ రాయలేరన్నాడు. కాగితం తనే కొనిచ్చాడు. మంత్రి ఆఫీసు చుట్టూ తనే తిరిగాడు. అడుగు."

సెమిసి తొట్టి అంచు వదిలాడు.

"పెనిసోని కోడలు రాస్తే ఎవరూ వేలెత్తి చూపరని."

మెలేసియు కిటికీ చట్రం పట్టుకుంది. పదకొండేళ్ళు. సెలవులన్నీ, ఆదివారం మధ్యాహ్నాలన్నీ. ముసలివాళ్ళ మంచాల పక్కన కూర్చుని రాసుకున్న మాటలు. అంతా అన్నగారు తలుపు మూయడానికి వాడుకున్న గడియ.

"మామయ్యా, ఆ పెట్టెలు దింపు," అంది ఫూసి.

"ఏంటీ?"

"ఐదొందల పుస్తకాలూ నాక్కావాలి. ఇవ్వు."

"రేపు పంచాల్సినవమ్మా అవి!"

"నీ మేనకోడల్ని. చెయ్యి చాచి అడుగుతున్నాను. ఇవ్వనంటావా? అనెయ్, పర్లేదు. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, సెమిసి మేనకోడలికి కాగితాలు కూడా ఇవ్వలేకపోయాడని."

మేనకోడలు అడిగితే పందినైనా పడవనైనా ఇచ్చుకోవలసిందే. అప్పటి వరకు ఫూసి అతన్ని పుట్టినరోజుకు గౌను గుడ్డ తప్ప ఏమీ అడగలేదు. అతను చొక్కా చేతులు మడిచాడు. పది పెట్టెలూ తనే ఒక్కొక్కటీ మోసి అరుగు అంచున పెట్టాడు.

"రేపు దొరగారికి ఏం ఇమ్మంటావే?"

"దండం పెట్టు మామయ్యా. అది చాలు."

ట్రక్కు వెళ్ళిపోయాక మెలేసియు బయటికొచ్చింది. కూతురి భుజం మీద చెయ్యి వేయబోయింది. ఫూసి పక్కకు జరిగింది.

"నీ కోసం చెయ్యలేదమ్మా."

ఒక పెట్టె చించి పుస్తకం తీసింది. కొత్త కాగితం వాసన గుప్పుమంది. పేజీలు తిప్పి, దొరికిన చోట ఆగి చదివింది.

"ఆ ఏడు ఒక విద్యార్థి నిర్లక్ష్యం వల్ల సామాను గది అగ్నికి ఆహుతి కాగా, హెడ్మాస్టరు ఫిలిమోనే గారు నెల తిరక్కముందే దాన్ని తిరిగి కట్టించారు."

పుస్తకం మూసింది.

"ఒక విద్యార్థి! పేరు రాయడానికి కూడా చెయ్యి రాలేదా నీకు?"

"పేరు లేకపోతే మీ నాన్నకి నొప్పి తక్కువనుకున్నాను."

"తాతయ్యకో?"



*

పొద్దు వాలే వేళకు ఆమె బడికి వెళ్ళింది. పిల్లలు కొబ్బరాకు పందిళ్ళకు మందారాలు కడుతున్నారు. ఆమెను చూసి పలకరించబోయి ఆగిపోయారు. వార్త అప్పటికే అన్ని ఇళ్ళూ తిరిగింది.

పెద్ద హాల్లో కిటియోనే ఒక్కడే ఉన్నాడు. ఏటా మొదటి స్థానం తెచ్చుకున్న విద్యార్థుల పేర్లతో నిలువెత్తు చెక్క పలక. పండగ కోసం కూలి తీసుకోకుండా ఆరు నెలలుగా చెక్కుతున్నాడు. ముప్పై ఏడు వరకూ పేర్లున్నాయి. ముప్పై తొమ్మిది నుంచి మళ్ళీ ఉన్నాయి. మధ్యలో ఒక వరస ఖాళీ.

ఆమె అడుగుల చప్పుడు అతనికి తెలుసు. తిరిగి చూడలేదు.

"ఇక్కడ మీ బాబాయి పేరు చెక్కాలి," అన్నాడు. "సంఘం ఇచ్చిన జాబితాలో అలాగే ఉంది. జాబితా నీ పుస్తకంలోంచే తీసుకున్నారట."

"కిటియోనే..."

"చెక్కమంటావా?"

ఆమె బెంచీ అంచున కూర్చుంది. ఇద్దరూ ఇదే హాల్లో పక్కపక్క తరగతుల్లో కూర్చుని చదువుకున్నారు. అతని ముందు ఆమెకు ఎప్పుడూ మాటలు వెతుక్కోవలసి రాలేదు.

"ఒక్కటే అడుగుతాను," అన్నాడు. "సూటిగా చెప్పు. ఎప్పుడు దొరికింది?"

"పోయిన ఏడు మే నెలలో."

అతను ఉలిని బల్ల మీద పెట్టాడు. "నాన్న నవంబరులో పోయాడు."

"అవును."

"ఆరు నెలలు."

"అవును."

"ఆరు నెలలు నీ చేత్తో కొబ్బరిపాల జావ తాగాడు. నువ్వు ఒళ్ళు తుడిస్తే చిన్నపిల్లాడిలా చేతులెత్తేవాడు. మా అక్క ఒక పూట ఆలస్యమైనా పట్టించుకునేవాడు కాదు, నా కోడలుందిగా అనేవాడు." కిటియోనే గొంతు పెరగలేదు. "ఆ ఆరు నెలల్లో ఒక్క రోజు, ఒక్క పూట, నీకు నోరు రాలేదా?"

మెలేసియు అబద్ధం చెప్పవచ్చు. చెబితే నమ్మేవాడేమో కూడా. ఇంక చెప్పలేకపోయింది.

"ఆయనే అడిగారు," అంది.

అతను అప్పుడు తిరిగాడు.

"సెప్టెంబరులో. నేను దిండు సర్దుతుంటే, బడి గురించి రాస్తున్నావటగా అమ్మా, నా సంగతేమైనా దొరికిందా, అన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏం దొరకలేదు మామయ్యా అన్నాను."

"నాన్నేమన్నాడు?"

"పోనీలే అన్నారు."

కిటియోనే పలక మీద చెయ్యి ఆనించాడు. భుజాలు ఒకసారి కదిలాయి. తర్వాత నిలిచిపోయాయి.

"నాకు పదేళ్ళప్పుడు నేనూ అడిగాను," అన్నాడు పలకతో మాట్లాడుతున్నట్టు. "బడి ఎందుకు తగలబెట్టావు నాన్నా అని. లాగి ఒక్కటి కొట్టినా బాగుండేది. తల నిమిరి, నేనక్కడ లేన్రా, పడవలో ఉన్నాను, అన్నాడు. నేను నవ్వాను మెలేసియూ. తండ్రి మొహం చూసి నవ్వాను. నాకు తెలీక చేశాను. నీకు తెలుసు."

"నాన్న పరువు... మా నాన్న ఫోటో కింద నిలబడి ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. ఆ కాగితం దొరికాక ముందు ఒక వారం ఆగుదామనుకున్నాను. తర్వాత ఇంకో వారం..." ఆమె మాట తెగిపోయింది. "రేపు మైకులో ఆ డైరీ చదువుతాను. అందరి ముందూ."

"ఎవరి కోసం?"

"మామయ్య కోసం."

"ఆయన వినాల్సిన రోజు నీకు నోరు లేదు. రేపు చదివితే నీ గుండె తేలికవుతుంది. అంతే." ఉలి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "రేపు మావాళ్ళెవరూ లోపలికి రారు. నాన్న నిలబడే చోట, గేటు బయట, చావు బట్టలు కట్టుకుని కూర్చుంటాం. అక్క అందరికీ కబురు పెట్టింది."

"నేనెక్కడ కూర్చోను?"

"నీకు లోపల కుర్చీ వేశారు. ముందు వరస. ఫిలిమోనే మాస్టారి కూతురివి."

ఆమె లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. అతను పిలుస్తాడేమోనని కాసేపు నిలబడింది. ఉలి చప్పుడు మొదలైంది. ఏ పేరు చెక్కుతున్నాడో చూడడానికి ధైర్యం చాలక వెళ్ళిపోయింది.

*

పండగ రోజు ఉదయం ఎనిమిదికే ఎండ కాసింది. బ్యాండు వాయిస్తూ పిల్లలు గేటు దగ్గరికి వచ్చి, అక్కడ అపశ్రుతిలో పడి ఆగిపోయారు.

రోడ్డు మీద ముప్పై నలభై మంది కూర్చుని ఉన్నారు. అందరివీ నల్లబట్టలు. నడుముకు చిరిగిన, మాసిన చాపలు. ఏడుపు లేదు, కేకలు లేవు. ముందు వరసలో లోసెలి. పక్కన కిటియోనే. వాళ్ళ వెనక ఫూసి. దొరగారి కారు వాళ్ళ పక్క నుంచి మెల్లగా లోపలికి వెళ్ళింది. దొరగారు అద్దం దించి చూశారు. ఏమీ అడగలేదు. అద్దం మళ్ళీ ఎత్తేశారు.

ఆ తర్వాత మెలేసియు వచ్చింది.

ఆమె కూడా నల్లగౌను వేసుకుంది. మామగారు పోయినప్పుడు కట్టుకున్న చాపనే, చంకల దాకా వచ్చే చింపిరి చాపను, మళ్ళీ కట్టుకుంది. జుట్టు విరబోసుకుంది. చేతిలో డైరీ ఉంది. లోసెలి పక్కకు వచ్చి నిలబడింది.

"వదినా, కొంచెం జరుగు."

లోసెలి జరగలేదు. "ఇక్కడ చోటు లేదు."

మెలేసియు అందరి వెనక్కి వెళ్ళి, నీడ లేని చోట తారు రోడ్డు మీద కూర్చుంది. ఎవరూ వెనక్కి తిరగలేదు. ఫూసి ఒక్కసారి తల తిప్పింది. వెంటనే ముందుకు తిప్పుకుంది.

లోపల ప్రార్థన అయింది. మంత్రిగారి ఉపన్యాసం అయింది. తర్వాత మైకులో సెమిసి గొంతు వినబడింది. కార్యక్రమం అచ్చువేసి ఊరంతా పంచేశారు. అందులో తర్వాతి పేరు ఆమెది. దాటేస్తే అందరూ అడుగుతారు.

"ఇప్పుడు... మన బడి చరిత్ర నుంచి కొన్ని మాటలు. చదివేది మెలేసియు టీచరు."

ఎవరూ లేవలేదు.

"మెలేసియు టీచరు."

పందిట్లో తలలన్నీ గేటు వైపు తిరిగాయి.

"పిలుస్తున్నారు," అన్నాడు కిటియోనే. ఆమె వైపు చూడలేదు.

"ఏం చెయ్యమంటావు? చెప్పు, అదే చేస్తాను."

"పధ్నాలుగు నెలలు నన్నడక్కుండానే చేశావుగా. ఇప్పుడూ అడక్కు."

ఆమె లేచింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. కూర్చున్నవాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుంటూ, ఎవరి చాపా తొక్కకుండా గేటు దాటింది. పందిరి కింద ఐదారు వందల మంది ఉన్నారు. ఆ చావు బట్టలు చూసి గుసగుసలు మొదలై, ఆమె నడుస్తున్నకొద్దీ ఆగిపోయాయి. వేదిక మెట్లెక్కింది.

మైకుకు రెండడుగుల దూరంలో సెమిసి ఎదురొచ్చాడు.

"అది ఇటివ్వు," అన్నాడు.

నలభై ఏళ్ళలో అన్న ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది. అంతటితో ఆగలేదు. చెయ్యి చాపి ఆమె చేతిలోని డైరీని పట్టుకున్నాడు. ముందు వరసలో ఒక ముసలామె కెవ్వుమని నోరు మూసుకుంది. పాస్టరుగారు లేచి నిలబడ్డారు. చెల్లెలి చేతిలో వస్తువును అన్న లాక్కోవడం ఆ పందిట్లో ఎవరూ కళ్ళతో చూసి ఎరగరు. సెమిసి కళ్ళలో నీళ్ళున్నాయి. పట్టు మాత్రం వదల్లేదు.

"నాన్న, చెల్లెమ్మా," అన్నాడు గొంతు దించి. "మన నాన్న."

మెలేసియు అతని మొహంలోకి చూసింది. ఇంత దగ్గర నుంచి చూసి ఎన్నేళ్ళయిందో. తండ్రి ముక్కు, తండ్రి నుదురు. తండ్రి చెయ్యే పుస్తకాన్ని లాగుతున్నట్టనిపించింది.

ఆమె వేళ్ళు వదిలింది.

సెమిసి డైరీని గుండెకు అదుముకుని రెండడుగులు వెనక్కి వేశాడు. పందిట్లో ఎవరో ఊపిరి వదిలారు. అయిపోయిందనుకున్నారు.

మెలేసియు మైకు దగ్గరికి వెళ్ళింది. పధ్నాలుగు నెలలుగా ఇంట్లో ఎవరూ లేనప్పుడల్లా పెట్టె తెరిచి చదివిన కాగితం. చూడకుండానే ప్రతి అక్షరం వంపూ చెప్పగలదు.

"వెయ్యిన్ని తొమ్మిదివందల ముప్పై ఎనిమిది," అంది. మైకు ఆమె గొంతును రోడ్డు దాకా తీసుకెళ్ళింది. "ఆగస్టు పదకొండు, గురువారం. తూర్పు గాలి. హాజరు నలభై మూడు. పై తరగతి విద్యార్థి పెనిసోనిని..."

గేటు వైపు నుంచి ఎవరో కంకర మీద నడిచి వస్తున్న చప్పుడు వినబడింది. అడుగులు తొందరగా లేవు, ఆగడమూ లేదు. పందిరంతా అటు తిరిగి చూస్తోంది.

ఆ అడుగుల చప్పుడు ఆమెకు తెలుసు. ఆమె తలెత్తలేదు. తర్వాతి పంక్తిలోకి వెళ్ళింది.